ఆరిపోయినంత మాత్రాన పోయినట్టేనా?

ఇంట్లో తయారుచేసుకునే మత్తు పొగ మిశ్రమాల గురించి, ముఖ్యంగా వాటిలో మిగిలిపోయే ద్రావణుల గురించి, కొంతకాలంగా ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు తీసివేశాం. తయారీ పద్ధతి చెప్పమని, లేదా దానిని మరింత శుభ్రంగా చేసే మార్గం చెప్పమని అడిగిన ఉత్తరాలకు ఇక్కడ గాని విడిగా గాని జవాబు ఉండదు. శుభ్రపరిచే పద్ధతి పేరుతో ఏది అచ్చువేసినా అది చివరికి తయారీ పద్ధతే అవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. వాడితో ఒకే ఇంట్లో ఉండే కుర్రాళ్లలో ఒకడు ‘ఛంగా’ అనే ఎండుటాకుల మిశ్రమం సొంతంగా తయారుచేస్తున్నాడని, మావాడు కూడా రెండు మూడుసార్లు పీల్చాడని ఈమధ్యనే తెలిసింది. గట్టిగా అడిగితే, “అమ్మా, అది గంజాయి కాదు, మూలికలే. కలపడానికి వాడిన ద్రవం ఆరిపోతే ఏమీ మిగలదు” అంటున్నాడు. నిజంగా ఏమీ మిగలదా? ఇప్పుడు నేనేం చేయాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా అవి మూలికలు మాత్రమే కావు. ఛంగా అనే పేరు 2000 దశకం తొలి సంవత్సరాలలో ఆస్ట్రేలియాలోనే వాడుకలోకి వచ్చింది. డైమిథైల్‌ట్రిప్టమైన్, క్లుప్తంగా డీఎంటీ, అనే తీవ్రమైన భ్రాంతిజనక పదార్థాన్ని ద్రావణిలో కరిగించి ఎండుటాకులకు పట్టించి ఆరబెట్టిన మిశ్రమాన్ని అలా పిలుస్తారు. మన మందుల కంపెనీలలో సాల్వెంట్ అని పిలిచేది ఈ ద్రావణినే. గంజాయి కాదన్న మాట నిజమే గాని, డీఎంటీ ఆస్ట్రేలియా విషపదార్థాల పట్టికలో 9వ షెడ్యూలులో, అంటే పూర్తిగా నిషేధించినవాటిలో, ఉంది. 2023 జులై 1 నుంచి అక్కడ అనుమతి పొందిన మానసిక వైద్యులు కొన్ని జబ్బులకు వాడుకోవచ్చన్న సడలింపు సైలోసైబిన్, ఎండీఎంఏ అనే మరో రెండు మత్తుపదార్థాలకు మాత్రమే వర్తిస్తుంది. విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఇక అసలు ప్రశ్న. ఈ మిశ్రమంలోకి ద్రావణి రెండు దశలలో ప్రవేశిస్తుంది: డీఎంటీని మొక్క పదార్థం నుంచి వేరుచేసేటప్పుడు ఒకసారి, ఆకులకు పట్టించేటప్పుడు మరొకసారి. మీ అబ్బాయి “ఆరిపోయింది” అంటున్నది రెండో దశ గురించి. అక్కడ వాడింది ఆల్కహాలో, ఎసిటోనో అయి ఉండవచ్చు. ఎసిటోన్ 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి త్వరగా ఆరిపోతుందన్న మాటలో అబద్ధం లేదు. మొదటి దశలో ఏ సీసా వాడారన్నది బహుశా అతనికి తెలియదు, అడిగి ఉండడు కూడా. ఇళ్లలో ఇలాంటి పనులకు లైటర్ ఇంధనం, నాఫ్తా, పెయింట్ థిన్నర్, ఆస్ట్రేలియాలో షెల్లైట్ అనే పేరుతో అమ్మే తెల్ల పెట్రోలు వంటివి వాడుతుంటారు. ఇవి ఒక్క పదార్థం కావు, పెట్రోలియం శుద్ధిలో ఒక ఉష్ణోగ్రతా పరిధిలో దిగే అనేక హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో 69 డిగ్రీల దగ్గర మరిగే హెక్సేన్ ఉండవచ్చు, 111 దగ్గర మరిగే టొలువీన్ ఉండవచ్చు, 138 దాటితే గాని మరగని జైలీన్ ఉండవచ్చు. తేలికవి ముందు పోతాయి, బరువైనవి ఆకు పొరల్లోను, జిగురు పదార్థంలోను పట్టుకుని ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ సీసాలో అసలు ఆవిరి కానివి కూడా ఉండవచ్చు: తుప్పు పట్టకుండా కలిపేవి, రంగులు, డబ్బా లోపలి పూత నుంచి కరిగినవి. మన ఊళ్ల బోరు నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి పొర మిగిలినట్టు, ద్రవం ఎంత పూర్తిగా ఆరితే ఇవి అంత చిక్కబడి మిగులుతాయి. పెయింట్ బ్రష్షులు కడగడానికి తయారుచేసిన ద్రవంలో ఎంత మలినం ఉండవచ్చో నిర్ణయించేటప్పుడు, అది ఎవరి ఊపిరితిత్తులలోకైనా చేరుతుందేమోనని ఏ తయారీదారూ ఆలోచించడు. సీసా మీద “స్వచ్ఛమైనది” అన్న మాట కూడా బ్రష్షులను దృష్టిలో పెట్టుకుని రాసినదే.

వీటిలో హెక్సేన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. శరీరంలో అది 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారి పొడవైన నరాలను చివరి నుంచి దెబ్బతీస్తుంది. అందుకే ముందు కాలివేళ్లు మొద్దుబారతాయి, తరువాత చేతివేళ్లు, ఆ తరువాత నడక సడలుతుంది. 1960లలో జపాన్‌లో చెప్పుల తయారీలో జిగురు వాడిన కార్మికులలోను, ఇటలీలో పాదరక్షల కార్మికులలోను ఈ వ్యాధి కనిపించింది. 2009 ప్రాంతంలో చైనాలోని సుజౌ నగరంలో టచ్ స్క్రీన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ, ఆల్కహాల్ కంటే త్వరగా ఆరిపోతుందని తెరలు తుడవడానికి హెక్సేన్ వాడించగా, వందమందికి పైగా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. త్వరగా ఆరిపోవడమే అక్కడ హాని చేసింది, ఎందుకంటే ఆరిపోయినదంతా వాళ్లు పీల్చే గాలిలోకే వెళ్లింది. హెక్సేన్‌తో పాటు ఎసిటోన్ జాతికి చెందిన కొన్ని ద్రావణులు, అంటే కీటోన్లు, కలిస్తే హాని పెరుగుతుందని కూడా తెలుసు. 1970లలో బెర్లిన్‌లో థిన్నర్ పీల్చే అలవాటున్న యువకులలో, ఆ థిన్నర్‌లో మిథైల్ ఇథైల్ కీటోన్ చేర్చిన తరువాతే నరాల జబ్బులు బయటపడ్డాయి. కాబట్టి “విడివిడిగా రెండూ పరవాలేదు” అన్న లెక్క కలిపినప్పుడు నిలవకపోవచ్చు.

అయినా మీ అబ్బాయి రెండు మూడుసార్లు పీల్చిన దానితో నరాలు పోతాయని చెప్పి మిమ్మల్ని భయపెట్టడం న్యాయం కాదు. పైన చెప్పినవారంతా నెలల తరబడి, రోజుకు గంటల కొద్దీ ఆ గాలిలో ఉన్నవారు. కొద్ది మోతాదులో మిగిలిన ద్రావణి పొగతో పాటు లోపలికి వెళ్లి వెంటనే చేసే పని గొంతుమంట, దగ్గు, తలనొప్పి, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండడం. పీల్చిన కొన్ని గంటలకు కూడా ఆయాసం, పిల్లికూతలు, జ్వరం ఉంటే అది ఊపిరితిత్తుల వాపు కావచ్చు, ఆలస్యం చేయకూడదు. కాళ్లలో తిమ్మిరి మొదలైతే నరాల వైద్యునికి చూపించాలి, ద్రావణి సంగతి దాచకుండా చెప్పాలి. ఈ రకం నరాల వ్యాధి, ద్రావణికి దూరమైన తరువాత కూడా కొన్ని వారాలు ముదిరి ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది, కాబట్టి “మానేశాను కదా” అని ఊరుకోవడం పనికిరాదు.

ఆస్ట్రేలియాలో విషప్రమాద సమాచార కేంద్రం ఫోను 13 11 26, మత్తుపదార్థాల విషయంలో గోప్యంగా సలహా ఇచ్చే నంబరు 1800 250 015, ప్రాణాపాయమైతే 000. ఈ మూడూ మీ అబ్బాయికి పంపండి. ఇంకో మాట: మీరు “ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వెయ్యి” అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. “ఆ సీసా మీద ఏం రాసి ఉంది?” అని అడగండి. దానికి జవాబు వెతుక్కునే పనిలో అతనికి చాలా సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. వీలైతే ఆ ఇల్లు మారమని చెప్పండి, కారణం రెండో జవాబులో ఉంది.

ప్రశ్న: నేను జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను. మేం పరీక్షించే మందులలో హెక్సేన్ 290 పీపీఎం (అంటే పది లక్షల వంతులలో 290 వంతులు), ఎసిటోన్ 5000 పీపీఎం దాకా అనుమతిస్తాం. ఆ లెక్కన చూస్తే ఎవరో చిలుములో కాల్చే చిటికెడు ఆకులో ఉండే ద్రావణి ఎంత? వైద్యులు కాస్త అతిగా భయపెడుతున్నారేమో అనిపిస్తుంది.
– ఒక కెమిస్టు, హైదరాబాద్

జవాబు: మీ లెక్క తప్పు కాదు, కాబట్టి దానిని చివరిదాకా వేద్దాం. మందులలో మిగిలే ద్రావణులకు పరిమితులు నిర్ణయించే ఐసీహెచ్ క్యూ3సీ అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం హెక్సేన్‌కు రోజుకు అనుమతించదగిన మోతాదు 2.9 మిల్లీగ్రాములు. ఎవరైనా 100 మిల్లీగ్రాముల ఆకు కాల్చారనుకుందాం, అందులో 1 శాతం, అంటే 10,000 పీపీఎం, హెక్సేన్ మిగిలి ఉందనుకుందాం. మీ ప్రయోగశాలలో ఆ బ్యాచిని చూడగానే తిరస్కరిస్తారు. అయినా అందులో ఉన్నది 1 మిల్లీగ్రాము, రోజువారీ పరిమితిలో మూడోవంతు. అరుదుగా కాల్చేవారికి, ద్రావణి హెక్సేనే అయితే, దాని వల్ల కలిగే దీర్ఘకాలిక హాని తక్కువేనని ఒప్పుకోవాలి.

అయితే ఆ “హెక్సేనే అయితే” అన్న మాట మీ ఉద్యోగంలో ఎంత ఖరీదైనదో మీకే బాగా తెలుసు. హెడ్‌స్పేస్ గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే నమూనా నుంచి పైకి లేచిన ఆవిరిలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే పరీక్ష, చేసి, గ్రాఫులోని ప్రతి శిఖరానికి పేరు పెట్టి, సరఫరాదారు ఇచ్చిన విశ్లేషణ పత్రంతో పోల్చిన తరువాత గదా మీరు సంతకం పెడతారు. అదే పట్టికలో బెంజీన్ పరిమితి 2 పీపీఎం, కార్బన్ టెట్రాక్లోరైడ్ 4 పీపీఎం. బెంజీన్ రక్త క్యాన్సరు కారకమని నిర్ధారితమైంది. పెట్రోలియం నుంచి వచ్చే చౌక ద్రావణులలో అది మలినంగా ఉండే అవకాశం ఉంది. మరొకటి: మీ పరిమితులు ద్రావణి ఒంట్లోకి ద్రావణిగానే చేరుతుందన్న ఊహ మీద లెక్కగట్టినవి, దాన్ని మంటలో పెడితే ఏమవుతుందన్నది వాటి పరిధిలో లేదు. క్లోరిన్ ఉన్న డైక్లోరోమీథేన్ వంటివి మంట తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్, ఫాస్జీన్ వంటి వాయువులను ఇస్తాయి. ఇక ఆవిరి కాని అవశేషాల సంగతి హెడ్‌స్పేస్ పరీక్షలో కూడా కనపడదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టబద్ధ గంజాయి ఉత్పత్తులకు అవశేష ద్రావణుల పరీక్ష తప్పనిసరి చేసి, పీల్చేవాటిలో బెంజీన్, క్లోరోఫాం వంటివి 1 పీపీఎం దాటకూడదంది. పీల్చే వస్తువు అనేసరికి పరీక్ష సడలలేదు, బిగిసింది.

ఊపిరితిత్తి కడుపు వంటిది కాదనడానికి 2019లో అమెరికాలో జరిగింది చాలు. చర్మానికి రాసుకునే, మాత్రగా మింగే విటమిన్ ఈ ఎసిటేట్‌ను కొందరు అక్రమ తయారీదారులు ఈ-సిగరెట్లలో పీల్చే వేపింగ్ నూనెలలో కలిపారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆ ఊపిరితిత్తుల జబ్బుతో 2,807 మంది ఆసుపత్రిలో చేరడమో మరణించడమో జరిగిందని, మృతులు 68 మంది అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. ఆ విటమిన్ ఈ ఎసిటేట్ ద్రావణి కాదు, మింగితే అపాయకరమూ కాదు.

మీ లెక్కలో నాకు కనపడిన పెద్ద లోపం వేరే ఉంది. మీరు కాల్చేవాడిని లెక్కించారు, తయారుచేసేవాడిని మరిచారు. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గది, కిటికీలు మూసి ఉన్నాయి, వాసన బయటికి పోతే పక్కవాళ్లకు తెలుస్తుందని. అందులో 100 మిల్లీలీటర్ల హెక్సేన్ ఆరబెట్టారు. దాని బరువు సుమారు 66 గ్రాములు, గది ఘనపరిమాణం 27 ఘనపు మీటర్లు. సమంగా కలిస్తే ఘనపు మీటరుకు 2,400 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 700 పీపీఎం. కార్మికులకు అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ సూచించిన పరిమితి 50 పీపీఎం. గంటకు అర ఘనపు మీటరు గాలి పీల్చే మనిషి ఆ గదిలో గంట కూర్చుంటే 1,200 మిల్లీగ్రాముల హెక్సేన్ లోపలికి పీలుస్తాడు. ఆకులో మిగిలిన 1 మిల్లీగ్రాము గురించి రాత్రంతా చర్చించుకునే కుర్రాళ్లు, దాన్ని ఆరబెట్టిన గదిలోనే పడుకుంటారు.

మంట మాట సరేసరి. హెక్సేన్ జ్వలన స్థానం, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల కనీస ఉష్ణోగ్రత, సున్నాకు 20 డిగ్రీలకు పైగా కిందే ఉంటుంది. గాలిలో 1.1 శాతం చేరితే అంటుకుంటుంది. దాని ఆవిరి గాలి కంటే బరువు గనుక పైకి పోకుండా నేల మీద పాకి, పక్క గదిలోని స్టవ్ దాకా, ఫ్రిజ్ కింది స్విచ్ దాకా వెళుతుంది. అమెరికాలో బ్యూటేన్‌తో ఇళ్లలో గంజాయి నూనె తీయబోయి కాలిపోయినవారు అక్కడి కాలిన గాయాల వార్డులకు కొత్త కాదు. ప్రమాదం గది పంచుకున్న వాడికీ అంతే, అతను ఒక్కసారీ ముట్టకపోయినా. తెనాలి తల్లికి ఇల్లు మారమని చెప్పింది ఇందుకే. మీ కంపెనీలో ఎర్తింగ్, నైట్రోజన్, నిప్పు బయటికి రానివ్వని విద్యుత్ పరికరాలు ఎందుకు ఉన్నాయో మీరు వాళ్లకు చెప్పగలరు, నాకంటే మీ మాట వింటారు.

ప్రశ్న: వాసన రాకపోతే ద్రావణి లేనట్టే కదా? ఆన్‌లైన్‌లో రంగు మారే టెస్టు కిట్లు దొరుకుతాయి, వాటితో తెలుసుకోవచ్చా?
– బీటెక్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: రెండింటికీ కాదనే జవాబు. బెంజీన్ హానికరమైన స్థాయిని దాటిన చాలాసేపటికి గాని ముక్కుకు అందదు. పైగా అదే గదిలో ఉంటే ముక్కు కొద్ది నిమిషాలలోనే ఆ వాసనకు అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. మిశ్రమంలో పుదీనా వంటి ఘాటైన ఆకులు ఉంటే చెప్పేదేముంది. ఎర్లిక్ వంటి రంగు పరీక్షలు డీఎంటీ వంటి ఇండోల్ జాతి పదార్థం ఉందా లేదా అన్నంతవరకే చెబుతాయి. ఎంత ఉందో చెప్పవు, ద్రావణి ఊసే ఎత్తవు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 2022 నుంచి నడుస్తున్న క్యాన్‌టెస్ట్ కేంద్రం వంటి చోట్ల మెరుగైన యంత్రాలున్నాయి. వాటి పని కూడా ప్రధానంగా అందులో ఏ మత్తుమందు ఉందో తేల్చడమే. పరారుణ కిరణాల పరీక్షకు కొద్ది శాతం లోపు ఉన్న మలినాలు సాధారణంగా అందవు, అవశేష ద్రావణి ఉండేది ఆ కొద్ది శాతంలోనే.

వాసన లేదన్న ధీమాతో మరిచిపోయే సంగతి ఒకటుంది. ద్రావణం పోసిన ఆకు అంతటా మందు సమంగా పట్టదు. ఒక చిటికెడులో ఏమీ ఉండదు, మరొక చిటికెడులో నాలుగింతలు ఉంటుంది. డీఎంటీ పొగ నిమిషంలోపే ఎక్కి నిలబడ్డవాడిని నిలబడ్డచోటే పడేస్తుంది, చేతిలో వెలుగుతున్న చిలుము ఉండగా.

ప్రశ్న: నేను ఎసిటలోప్రామ్ మాత్రలు వాడుతున్నాను. ఫ్రెండ్స్ తెచ్చిన మిశ్రమం ఆల్కహాల్‌తో మాత్రమే చేసిందట, వేరే కెమికల్స్ లేవట. అయితే భయం లేనట్టేనా?
– ఊరు, పేరు వద్దన్నారు

జవాబు: మీ విషయంలో ద్రావణి ప్రశ్న చాలా చిన్నది. దయచేసి దానిని ముట్టవద్దు. ఈ మిశ్రమాలలో కలిపే అయాహువాస్కా తీగ, దాని ఆకులు, లేదా హర్మల్ గింజల సారం హార్మీన్, హార్మలీన్ అనే పదార్థాలు కలిగి ఉంటాయి. డీఎంటీని విరిచివేసే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. ప్రభావం ఎక్కువసేపు నిలవాలనే వాటిని కలుపుతారు. అదే ఎంజైము మెదడులో సంకేతాలు మోసే సెరటోనిన్ అనే పదార్థాన్ని కూడా విరుస్తుంది. ఎసిటలోప్రామ్, ఫ్లుయాక్సెటిన్ వంటి డిప్రెషన్ మాత్రలు సెరటోనిన్‌ను పెంచుతాయి. రెండూ కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు: వణుకు, విపరీతమైన చెమట, స్థిమితం లేకపోవడం, కాళ్లు వాటంతట అవే ఎగరడం, కండరాలు బిగుసుకోవడం, జ్వరం. జ్వరం పెరిగి కండరాలు బిగిస్తే ప్రాణానికే ముప్పు. ట్రమడాల్ నొప్పి మాత్రలు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్పులు, లినెజోలిడ్ యాంటీబయాటిక్ వాడుతున్నవారికి కూడా ఈ ప్రమాదం ఉంది.

దీని కోసం మాత్రలు నాలుగు రోజులు ఆపేద్దామన్న ఆలోచన చేయకండి. ఫ్లుయాక్సెటిన్ వంటివి ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది, ఎసిటలోప్రామ్ హఠాత్తుగా ఆపితే మీ జబ్బు తిరగబెట్టవచ్చు. పై లక్షణాలలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, ఏం పీల్చారో, ఏ మాత్రలు వాడుతున్నారో ఆసుపత్రిలో ఉన్నదున్నట్టు చెప్పండి. డీఎంటీని మనుషుల మీద పరీక్షించిన పరిశోధనలు లేకపోలేదు. 1990లలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో రిక్ స్ట్రాస్‌మన్ అమెరికా ప్రభుత్వ అనుమతితో చేసినవి అందులో ప్రసిద్ధమైనవి. అక్కడ ఎంపిక చేసిన ఆరోగ్యవంతులకు, శుద్ధి తేల్చిన మందును, కొలిచిన మోతాదులో, రక్తపోటు చూస్తూ నరంలోకి ఎక్కించారు. ఆ పరిశోధనల పేరు చెప్పి ఫ్రెండ్స్ తెచ్చిన పొట్లం సురక్షితమంటే కుదరదు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇలాంటి అలవాటు ఉంది. ఆసుపత్రికి తీసుకువెళితే పోలీసు కేసు అవుతుందని ఇంట్లో భయపడుతున్నారు. చట్టం ఏమంటుంది?
– ఒక అక్క, వరంగల్

జవాబు: డీఎంటీ మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, షెడ్యూలులో ఉంది. దానిని తయారుచేయడం, దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం 22వ సెక్షన్ కింద, సేవించడం 27వ సెక్షన్ కింద నేరాలు. శిక్ష పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ చాలామందికి తెలియనిది, హీరా సింగ్ కేసులో 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు: మిశ్రమం పట్టుబడితే అందులోని మత్తుమందు బరువు ఒక్కటే కాదు, కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువు లెక్కలోకి వస్తుంది. ఆకులకు పట్టించిన మిశ్రమం విషయంలో ఆకు బరువు కూడా చేరుతుందన్నమాట.

అదే చట్టంలోని 64ఏ సెక్షన్ మీ భయానికి జవాబు. సేవించిన నేరం గాని, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరం గాని మోపబడిన వ్యసనపరుడు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్సకు చేరి దానిని కొనసాగిస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. తయారుచేసి అమ్మిన సంగతులు ఉంటే మాత్రం ముందు న్యాయవాదిని కలవండి. చికిత్స ఎక్కడ దొరుకుతుందో 14446 నంబరులో చెబుతారు. మనసు బాగాలేక మాట్లాడాలంటే టెలి-మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మీ తమ్ముడు వాడిన ద్రావణి సీసా మీది లేబుల్‌ను ఫోటో తీసి చూపండి, సీసాను మాత్రం బస్సులో మోసుకుపోకండి.